బాపు కాళ్లు నేలకందని గుండు

ఏడో తరగతిలో మా సారు ఒకరోజు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "రాయికైనా చదువొస్తుంది గానీ నీకు రాదురా" అన్నారు. నేను ఆ మాటను మనసులో పెట్టుకున్నాను. తర్వాతి వారమే బడి మానేసి, రాళ్లకు కొదువ లేని మా మెట్టచేను పైచెల్కకు వెళ్లిపోయాను, మా ఇద్దరిలో ఎవరికి ముందొస్తుందో తేల్చుకుందామని. ముప్పై ఏళ్లు దాటింది. పోటీ ఇంకా నడుస్తోంది. చూసేవాళ్లు మాత్రం రాయి మీదే పందెం కాస్తున్నారు.

మా ఊరు కొత్తకోట దగ్గర పెద్దరోడ్డు దిగి లోపలికి వస్తే తగులుతుంది. బెంగళూరు పోయే బస్సుల్లోంచి జనం మా గుట్టలు చూసి, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్నాయని ఫోటోలు తీసుకుంటారు. ఆ పేర్చినవాడు దొరికితే ఒక్క మాట అడగాలని ఉంది నాకు. పేర్చినంత పేర్చావు బాగానే ఉంది, మిగిలినవన్నీ మా చెల్కలోనే ఎందుకు పారబోశావయ్యా అని.

ఎండాకాలం వచ్చిందంటే మాకు రాళ్లు ఏరడమే పని. పిడికెడు రాయి, తలకాయంత రాయి, ఇద్దరు పట్టినా లేవని రాయి. తట్టలకెత్తి చేను అవతల పోస్తాం. మళ్లీ ఏడాదికి వచ్చి చూస్తే అసలు ఏరలేదన్నట్టే ఉంటుంది. అరిగేది మా నడుములే. దీనికి మా నాన్న దగ్గర, మేం బాపు అంటాం, ఒక శాస్త్రం ఉండేది.

"రాళ్లు పెరుగుతయిరా," అనేవాడు. "పైకి కానరాదు. లోపల లోపల్నే ఊరుతయి."

"మరి జర యూరియా చల్లుదామా బాపు? ఎకరానికి ఎన్ని బస్తాలంటవు?"

"నీ తలకాయల చల్లాలె. ఏమన్నా మొలుస్తదేమో."

ఈ శాస్త్రం మా బాపు ఒక్కడిదే కాదు. మా దిక్కు గొర్లు కాసిన ముసలాయన ఎవరినడిగినా ఇదే చెబుతాడు. వినీ వినీ నవ్వడం కూడా మానేశాను. కానీ ఒక ఎండాకాలం ఈ శాస్త్రం మా చేను మీదికే వచ్చింది.

పైచెల్క వాలు భూమి, ఎర్రమట్టి. దాని నడుమ ఒక గుండు, పెద్ద బండరాయి, ఉంది. పైన చదునుగా, పీట వేసినట్టు ఉంటుంది. బాపు మీసాలు రాని వయసు నుంచీ దాని మీద కూర్చునే సద్ది తిన్నాడు, గొర్లను చూసుకున్నాడు, నన్ను తిట్టాడు. ఆ రోజు కూడా సద్ది తింటూ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"నా కాళ్లు నేలకందుతలేవురా."

చూశాను. నిజమే. అరుగు మీద కూర్చున్న పిల్లాడికిలాగా రెండు కాళ్లూ గాలిలో వేలాడుతున్నాయి. చెప్పులకూ నేలకూ మధ్య జానెడు ఖాళీ.

"ఈడ కూసుంటే పాదం నిండా ఆనుతుండె. గుండు పెరిగింది," అన్నాడు. చెప్పి నింపాదిగా ముద్ద తిన్నాడు, నలభై ఏళ్ల వాదం గెలిచినవాడిలాగా.

సరదాగా వదిలేసేవాణ్ణే. కానీ ఆ గుండు చుట్టూ కంది ఏటేటా పొట్టిదవుతోంది. ఒకప్పుడు మనిషి దాక్కునేంత పెరిగేది. ఆ ముందటేడు కోడిపుంజు కూడా దాక్కోలేకపోయింది. బాపు రెండింటినీ ముడివేసి తీర్పు చెప్పాడు. గుండు పెరుగుతోంది, భూమిని తింటోంది, ఇంకా తింటుంది. మిరుగం కార్తె తొలకరి వానలకు ఇక విత్తనం పెట్టేది లేదు, పైచెల్క బీడు పెడదాం, గొర్లు మేస్తాయి.

ఇంటికొచ్చి ఆ మాట అనగానే నా భార్య చేతిలో గిన్నె చప్పుడు మారింది. కాగితం మీద చేను బాపుదే. కానీ కాపురానికి వచ్చిన నాటి నుంచి అందులో కంది పెట్టింది, జొన్న పెట్టింది, కలుపు తీసింది, కోసింది ఆమే. మా ఇంట్లో పప్పు ఉడికిందంటే ఆ చేను చలవే.

"ఒక్కపారి గొర్లు మరిగినంక అది మళ్ల చేను కాదు మామా," అంది. "నన్ను దున్ననియ్యవు నువ్వు. గొర్లు సుత దున్ననియ్యయి."

"నేనేం జెయ్యాలె బిడ్డా. రాయి పెరుగుతాంది."

మిరుగానికి ఇంకా పదిహేను రోజులు. బాపు మొండి, ఆమె మొండి. మధ్యలో నేను, నోరు తప్ప వేరే ఆయుధం లేనివాణ్ణి.

"గుండు పెరగలే బాపు," అన్నాను. "నువ్వు తగ్గినవు. ముసలితనంల మనిషి కుదించుకపోతడు. దవాఖానల డాక్టర్ను అడుగు."

నలభై ఏళ్లు గొర్ల వెంట నడిచిన మనిషిని పొట్టివాడివయ్యావు అనడం ఎంత పెద్ద మాటో అన్నాకగానీ తెలియలేదు. బాపు లేచి లోపలికి పోయి తన గొర్లకర్ర తెచ్చాడు. పెళ్లయిన కొత్తలో సరిగ్గా తన గడ్డం దాకా వచ్చేట్టు కోసుకున్న కర్ర అది. వాకిట్లో నిటారుగా నిలబడి పక్కన ఆనించుకున్నాడు. కర్ర కొన కింది పెదవిని తాకింది.

"రెండు వేళ్లు తగ్గినవు," అన్నాను.

"కర్ర పెరిగింది."

"ఎండిన కర్ర పెరుగుతదా బాపు?"

"రాయి పెరగంగ కర్రకేమొచ్చింది?"

ఇక ఆ మనిషితో ఎవరు మాట్లాడగలరు? నేను నెత్తి పట్టుకుని కూర్చుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతున్న నా భార్య తల ఎత్తకుండానే అంది. "తగ్గితే నడుముల తగ్గుతడు, మెడల తగ్గుతడు. మోకాలు కాడికెళ్లి పాదం దాక ఎట్ల తగ్గుతడు? కూసున్నప్పుడు కాళ్లే గద అందనిది."

బాపు నా వైపు చూశాడు. నేను కోళ్ల వైపు చూశాను. అంటే బాపు తగ్గలేదు, గుండే పెరిగింది అన్నట్టయింది. చేను కాపాడుకోవాల్సిన మనిషే పోయి మామకు వకాల్తా పుచ్చుకుంది. చివరికి నేనే ఒక ఒప్పందం కుదిర్చాను. రాళ్లు కొట్టే పెద్దాయన, ఊరంతా కాకా అని పిలిచే మనిషిని పిలిచి గుండును పగలగొట్టిస్తాం. లేని రాయి పెరగదు కదా. బాపు సరేనన్నాడు. మిరుగంలోపు గుండు పోతే విత్తనం, పోకపోతే బీడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు గుండు కంటే పెద్ద తలనొప్పి ఇంకొకటుంది. గొర్లదొడ్డి గోడ. తెలంగాణ వచ్చాక, సర్కారు గొర్లు ఇచ్చిన ఏడు పైచెల్క కింది అంచున దొడ్డి కట్టాను. దాని రాళ్ల కథ చెప్పాలి. మా అవ్వ, అంటే అమ్మ, బతికున్నన్నాళ్లు ఏరిన రాళ్లను చేను బయట పోయనిచ్చేది కాదు. వాలుకు అడ్డంగా, ఇటు నుంచి అటు దాకా, వరుసలు వరుసలుగా పేర్పించేది. ఎందుకంటే "మా అత్త పేర్పిచ్చింది" అనేది. అవ్వ పోయింది, ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది. ఆ వరుసల మధ్య ట్రాక్టరు తిరగలేదు. అందుకని నేను ఆ వరుసల్లో చాలావరకు పీకి దొడ్డి గోడ కట్టాను. పైన అడ్డం పోయింది, కింద గోడ లేచింది, ట్రాక్టరు పై నుంచి కిందికి సర్రున దున్నుకుంటూ వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయితే ఆ గోడ కుంగడం మొదలైంది. కట్టినప్పుడు నా రొమ్ము దాకా ఉన్నది, చేనువైపు నుంచి చూస్తే నడుము దాకా వచ్చింది. కుక్కలు దూకి రెండు గొర్రెపిల్లలను కొరికాయి. మిగిలిన వరుసలు కూడా పీకి గోడ ఎత్తు పెంచాను. మళ్లీ కుంగింది. మళ్లీ పెంచాను. గుండు గొడవ వచ్చిన ఏడు మోకాలి దాకా దిగింది. కింద నేల మెత్తనని నేలను తిట్టాను, కట్టిన చేతులు నావే కాబట్టి చేతులను మాత్రం తిట్టలేదు.

కాకా వచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతులు చూస్తే సమ్మెట ఏదో చెయ్యి ఏదో తెలియదు. వయసులో ఉన్నప్పుడు మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గనుల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. బాపు గుండు ఎక్కి కూర్చుని, వేలాడే కాళ్లు సాక్ష్యంగా చూపించాడు.

కాకా సమ్మెట ఎత్తలేదు. గుండు చుట్టూ ఒక తిరుగు తిరిగి, నా భార్య తెచ్చిన చెంబు తీసుకుని రెండు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు గుండు మీద పోశాడు.

"దిగు జర," అన్నాడు బాపుతో. "చూడుండ్రి. పైన నల్లగ ఉన్నది, పాచి పట్టి పొక్కులు కట్టింది. అది ఎండావానా తిన్న తోలు. కింద జానెడు మేర తెల్లగ, ఎర్రగ, పొక్కు లేదు. పాచి పట్టెతందుకు దీనికింకా టైం దొరకలే. మొన్నమొన్నటి దాక ఇది మట్టి లోపలున్నది."

కడియం తీసిన కాలు గుర్తొచ్చింది నాకు. నీళ్లతో తడిసిన రాయి మీద ఆ గీత అంత స్పష్టంగా ఉంది.

"అదే గద నేన్జెప్పేది," అన్నాడు బాపు. "లోపల్నుంచి పైకచ్చింది. వెంట్రుక కింది నుంచే గద పెరిగేది. పైన పాతది, కింద లేతది."

కాకా చెంబు నేల మీద పెట్టి నెత్తి గోక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో నేను పడుతున్న బాధ ఇంకొకరు పడుతుంటే చూడడం కొంచెం హాయిగానే ఉంది.

"గది గట్ల కాదు," అని కాకా గడ్డపారతో గుండు మొదట్లో పొడిచాడు. పెళ్ల లేచింది. బయటికి రాయిలాగే ఉంది, చేతిలోకి తీసుకుని నలిపితే పొడి అయింది. "రాయి పెరగదు. రాయి కుళ్లుతది. ఎండకు ఉబ్బి, వానకు సల్లారి పగులుతది, నీళ్లు సొచ్చి మెత్తబడతది. కుళ్లితే మొరం. మొరం ఇంకా కుళ్లితే మట్టి. నువ్వు దున్నే మట్టంతా ఒకప్పటి గుండే." అరచేతిలో ఎర్రటి పొడి ఊదేస్తే తెల్లటి పలుకులు మిగిలాయి, మధ్యలో కాకిబంగారం మెరిసింది. "గీ పలుగు పలుకులు మాత్రం చావయి. అందుకే మీ ఇసుకంతా గివే."

"మరి ఫికరెందుకు కాకా?" అన్నాను. "మట్టి పోతే పోయింది. గుండు కుళ్లి మళ్ల మట్టి అయితది."

"అయితది. నీ మనుమని మనుమడు పెరుగన్నం కట్టుకోని వచ్చి ఈడ కూసున్నా వేలెడు కూడ కాదు. అప్పటిదాక విత్తనం ఆపుతవా?"

నా భార్య గుండు చుట్టూ ఉన్న నేలను చూస్తోంది. ఎర్రమట్టి కాదు అది, మొరం తేలింది. కంది పొట్టిదవడానికి రాయి తినక్కర్లేదు, వేరు దిగడానికి చోటు లేకపోతే చాలు.

బాపు మాత్రం ఓడలేదు. "సరే, రాయి పెరగలే, మట్టి దిగింది అంటవు. జానెడు మన్ను, ఇంత చెల్కల. బండ్లకొద్ది మన్ను. యాడికి పోయింది మరి? ఎవడన్న జేబుల ఏస్కపోయిండా?"

న్యాయమైన ప్రశ్న. కాకా వాలు వెంట దిగడం మొదలుపెట్టాడు. ట్రాక్టరు నిలువుగా దున్నిన చాళ్లే వానకు కాలవలయ్యాయి. ఒక్కో చాలు పట్టుకుని, వేలితో చూపిస్తూ, కిందికి కిందికి వచ్చి నా దొడ్డి గోడ దగ్గర ఆగాడు.

అతను నోరు తెరవకముందే నేనే అందుకున్నాను. "ఇదొకటి కాకా, మా కర్మ. గోడ కుంగుతాంది. రెండుసార్లు ఎత్తు పెంచిన. కింద పునాది ఏమన్న పోతాందా చూడు."

కాకా నన్ను చూసిన చూపు నాకు కొత్త కాదు. మా సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టినప్పుడు చూసినది అదే చూపు.

నా భార్య తడక పక్క నుంచి తిరిగి దొడ్డి లోపలికి వెళ్లి, గోడకు అవతల నాకు ఎదురుగా నిలబడింది. ఇవతల గోడ నా మోకాలి దాకా ఉంది. అవతల ఆమెకు తల ఒక్కటే కనిపిస్తోంది. నేను గట్టు మీద మనిషిలాగా, ఆమె బావిలో మనిషిలాగా ఒకరినొకరు చూసుకున్నాం.

"గోడ కుంగిందా?" అంది కింది నుంచి.

నేను నా మోకాలి దగ్గరున్న గోడను చూసుకున్నాను.

"రోజు పొద్దుగాల పెంట ఊడుస్త నేను. గోడ పెట్టింది పెట్టినట్టే ఉన్నది, నువ్వు పెంచినంక ఇంకా పెరిగింది. ఎన్నడన్న ఒక్కనాడు ఇటుదిక్కు వచ్చి చీపురు పట్టినవా? పడితె కనవడుతుండె."

"మరి చెప్పచ్చు గద?"

"నువ్వు నన్నడిగితివా? నేలను తిడితివి. నేలను తిట్టెటోనికి నేలే చెప్తది తియ్యి అని ఊకున్న."

కాకా గోడ ఇవతల గడ్డపార వేశాడు. మెత్తటి మట్టి, లోతుగా దిగబడింది. తవ్విన గుంత అంచు చూపించాడు. సన్న ఇసుక ఒక పొర, దాని మీద మెత్తటి ఎర్రబురద ఒక పొర, మళ్లీ ఇసుక, మళ్లీ బురద. పొరకొక వాన.

"మేళ్లచెరువు కాడ రాయి గిట్లనే ఉంటది," అన్నాడు. "రొట్టె మీద రొట్టె. నీళ్ల అడుగున బురద పేరుకోని పేరుకోని రాయైందని ఆడి ఇంజినీరు చెప్పేటోడు. అప్పుడు నమ్మలే నేను. నీళ్లు ఉరికినప్పుడు మోసుకొస్తది, అడ్డం తగిలితే దించుతది. ముందు ఇసుక, ఎనుక బురద. వానవానకు నీ గోడ కాడికి వచ్చి దించింది."

బాపు వంగి ఆ మట్టి పిడికిట పట్టి నలిపాడు. వాసన చూశాడు. ఆ పొరలను వేలితో లెక్కపెట్టాడు. నవ్వుతాడేమో, నన్ను ఏడిపిస్తాడేమో అనుకున్నాను. మెల్లగా అడిగాడు.

"మీ అవ్వ పేర్చిన వరుసలు ఎవడు పీకిండు?"

ముగ్గురూ నన్నే చూశారు. మేకపోతు ఒకటి కూడా చూసింది.

ఇన్నేళ్లూ రాళ్లు పెరుగుతాయన్న ముసలాయన్ని ఊరంతా తిరిగి వెక్కిరించిన మనిషిని నేను. రాయి మీద అంత నమ్మకం లేదు గానీ, గోడ దానంతట అదే భూమిలోకి దిగిపోతోందని మాత్రం నిండా నమ్మాను. పై నుంచి మట్టి పోతే బాపుకు రాయి లేచినట్టు కనిపించింది. అదే మట్టి కిందికి వస్తే నాకు గోడ దిగినట్టు కనిపించింది. ఇద్దరికీ కనిపించనిది మట్టి ఒక్కటే. దాన్ని ఆపే అడ్డం పీకింది నేను, దిగుతున్న గోడ పెంచాలని మిగిలిన అడ్డం కూడా పీకింది నేను.

మిరుగం దాకా మా ఇంట్లో ఎవరూ నడుము వంచకుండా నిలబడలేదు. నేను పెంచిన మేరకు గోడ విప్పి, ఆ రాళ్లు మళ్లీ పైకి మోశాం. దిగేటప్పుడు ట్రాక్టరులో దర్జాగా దిగిన రాళ్లు, ఎక్కేటప్పుడు నా నెత్తి మీద ఎక్కాయి. పేరుకున్న మట్టి తీసేయడంతో గోడ దానికదే మళ్లీ రొమ్ము దాకా లేచింది, పైన కంప వేసి కుక్కలను ఆపాం. అవ్వ వరుసలు ఎక్కడెక్కడ ఉండేవో నాకు గుర్తు లేదు. నా భార్య కలుపు తీసిన కాళ్లకు గుర్తుంది. ఇక్కడ ఎత్తు ఉండేది, ఇక్కడ ఎగిరి దాటేదాన్ని అంటూ చూపించింది. తవ్విన మట్టిని తట్టలతో తీసుకుపోయి గుండు చుట్టూ పోశాం. ఎంత మోసినా పోయినదంతా రాలేదు. వాగులో కలిసినది కలిసిపోయింది. ట్రాక్టరు డ్రైవరు వచ్చి ఆ వరుసల మధ్య అడ్డంగా దున్నలేనని గొణిగాడు. బాపు గొర్లకర్ర చూపించాక దున్నాడు.

కాకా గుండును పగలగొట్టలేదు. పోతూ పోతూ మట్టి అంచు వెంట ఉలితో ఒక గీత చెక్కాడు. "ఏటేటా చూసుకోండ్రి," అన్నాడు.

ఆ ఏడు విత్తనం పడింది. బాపు బీడు పంతం వదిలాడు గానీ శాస్త్రం వదల్లేదు. రెండు వానాకాలాలు గడిచాక వరుసల వెనక మట్టి నిలిచి, ఆ గీత మీదికి వేలెడు ఎక్కింది. బాపు గుండు మీద కూర్చుని కిందికి చూసి, "చూసినవా, ఇప్పుడు గుండు తగ్గుతాంది," అన్నాడు. కాళ్లు ఇప్పటికీ నేలకందవు, కానీ కంది మళ్లీ గుండును దాటి పెరిగింది. ఆయన తల ఒక్కటే పైకి కనిపిస్తుంది.

ఒక్క మార్పు మాత్రం శాశ్వతంగా వచ్చింది. పొద్దున్నే దొడ్డి ఊడ్చేది నేను. మొన్న అలాగే ఊడుస్తూ ఉన్నాను. నా భార్య చాయ్ గ్లాసు తెచ్చి గోడ మీద పెట్టింది. పైచెల్క పచ్చగా ఉంది, మనసు కూడా కొంచెం పచ్చగా ఉండి, చాయ్ తాగేసి పాత మాట ఎత్తాను.

"రాయికైనా చదువొస్తది నాకు రాదన్నడు గద మా సారు. ఇప్పుడు రాయి ఎట్ల కుళ్లుతదో, మన్ను ఎట్ల నడుస్తదో, పొర ఎట్ల పడుతదో, అన్నీ చెప్తున్న. నువ్వే చెప్పు, మా ఇద్దరిల ఎవరికి ముందొచ్చింది?"

ఆమె గుండు వైపు చూసింది, నా వైపు చూసింది, ఖాళీ గ్లాసు తీసుకుంది.

"రాయికి ఎప్పుడో వచ్చింది. అందుకే నోరు మూసుకోని కూసున్నది."